పదకొండో పేరు

బి.ఏ. ఫిలాసఫీలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఎవరైనా ఆ సంగతి గొప్పగా ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాను. గ్రీకుల న్యాయం మీద పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. అదే చేత్తో, అంతకు పది రోజుల ముందు, ఇంకొకటి రాశాను.

డెబ్బైల మధ్యలో నంద్యాలలో చదివేవాణ్ణి. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఊళ్లో రెండు పార్టీలు. ఎవడు ఏ పార్టీయో పుట్టినప్పుడే తేలిపోయేది. మా పెదనాయన ఒక పార్టీ పెద్దకు కుడిభుజం. నా క్లాసులోనే చదివే మా ఊరివాడు ఒకడు అవతలి పార్టీ ఇంట్లో పుట్టాడు. ఊళ్లో ఎదురుపడితే మేమిద్దరం మొహాలు తిప్పుకునేవాళ్లం. బస్సు నంద్యాలలో దిగితే మాత్రం ఒకే గది, ఒకే కిరసనాయిలు స్టవ్వు, ఒకరి చొక్కా ఇంకొకరి ఒంటి మీద. ఒకే గదిలో ఉంటున్నామని ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు. ఈ నాటకానికి మాకు సిగ్గు కూడా వేసేది కాదు.

మా ఫిలాసఫీ సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. మొదటి రోజే "న్యాయమంటే ఏమిటి?" అని అడిగారు. నేను లేచి తడుముకోకుండా చెప్పాను.

"మనోళ్లకు మేలు చేసేది, పగోళ్లకు కీడు చేసేది సార్."

క్లాసంతా బల్లలు చరిచింది. సారు నవ్వలేదు. రెండు వేల ఏళ్లకు పైగా వెనక, గ్రీసు దేశంలో పెద్దమనుషులు కూడా ఈ మాటే అనేవారట. చెప్పుల్లేకుండా వీధుల్లో తిరిగే ఒక ముసలాయన వాళ్లను నిలేసి అడిగాడట. ఆ ప్రశ్నను సారు మాకోసం ఎద్దు మీదికి మార్చారు. "ఎద్దును రోజూ ముల్లుగర్రతో పొడుస్తుంటే అది మంచి ఎద్దవుతుందా, చెడ్డ ఎద్దవుతుందా?"

"చెడ్తాది సార్" అన్నాడు నా గదివాడు.

"మరి మనిషిని బాధిస్తే?"

"మనిషీ చెడ్తాడు. అట్లయితే మనిషిని చెరిపేది న్యాయం ఎట్లయితాది సార్?"

సారు మొహం వెలిగిపోయింది. నాకు వాడి మీద ఒళ్లు మండింది. నేను చెప్పిన జవాబును నా కంచంలో తినేవాడే కొట్టిపారేశాడు. నేను తర్వాత చేసినదానికి ఈ మంట కూడా కొంత కారణమేమో, తేల్చి చెప్పలేను.

ఆఖరి ఏడు వాడు గవర్నమెంటు ఉద్యోగానికి సెలెక్టయ్యాడు. నడవడి మీద పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. పరీక్షలకు పది రోజులుందనగా ఒక ఆదివారం మేమిద్దరం పొద్దున్నే సారింటికి వెళ్లాం. సాయంత్రం దాకా అక్కడే. వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం, ఈ నాలుగూ మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నాం. అన్యాయం పాలు కావడంకన్నా అన్యాయం చేయడమే హీనమని ఆ ముసలాయన నమ్మాడట. మంచేదో నిజంగా తెలిసినవాడు చెడు చేయలేడని, చేసేవాడు తెలియకే చేస్తాడని కూడా అన్నాడట. నేను అన్నీ నోట్సులో గుండ్రంగా రాసుకున్నాను.

వాడు కిరసనాయిలుకని అంగడి దగ్గర ఆగితే, నేనొక్కణ్ణే గదికి వచ్చేసరికి మా ఊరి మనిషి ఒకడు వీధిలో నాకోసం నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం కాలువ నీళ్ల దగ్గర కొట్లాట జరిగిందని, మావాళ్లలో ఒకాయన కాలు విరగ్గొట్టారని చెప్పి, పెదనాయన రమ్మన్నాడన్నాడు. నేను బస్సెక్కాను. రాత్రి భోజనాల వేళకు పార్టీ పెద్ద ఇంట్లో ఉన్నాను.

ఫిర్యాదు రాయాలి. నా దస్తూరి బాగుంటుంది కాబట్టి కాగితాలు నా ముందు పెట్టారు. పెదనాయన చెబుతుంటే రాశాను. నిజంగా కట్టెలు పట్టుకుని వచ్చింది ఆరుగురు. ఆ తర్వాత చేర్చుకుంటూ పోవడం మా వైపు పద్ధతి. ఎవడు కొట్టాడన్నది కాదు, ఎవడి పేరు రాస్తే అవతలి ఇల్లు కూలుతుందన్నది చూసేవారు. ముసలివాళ్లనూ, పొద్దంతా గొర్రెల వెంట తిరిగేవాణ్ణీ వదిలిపెట్టలేదు. పదిమంది అయ్యారు.

"చదువుకున్నోన్ని ఒకన్ని ఎయ్యల్ల. అప్పుడే వాళ్లకు నొప్పి తెలిసేది" అన్నాడు పెదనాయన. నా గదివాడి పేరు చెప్పాడు.

నా పెన్ను ఆగింది. "వాడు ఈడ లేడు పెదనాయనా. పొద్దున్నుంచి నంద్యాలలోనే ఉండాడు."

"నీకెట్ల తెలుసు?"

వరండాలో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. వాడూ నేనూ ఒకే గదిలో ఉంటున్నామని, పొద్దంతా పక్కపక్కనే కూచున్నామని చెప్పాలి. అంతే, ఒక్క వాక్యం.

"ఎవరో అనుకుంటాంటే విన్యా" అన్నాను.

"ఎవరో అన్నది నీకెందుకు? తొందరగా రాయి."

రాశాను. పదకొండో పేరు. ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు, ఒక్క తప్పు లేకుండా. వాడి వయసు ఎవరూ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, నాకు తెలుసు కాబట్టి. ఛీ! ఆ కాగితాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు చూస్తే నాకే రోత పుడుతుంది. ఆ గ్రీకు ముసలాయన ఎంత గొప్పవాడైనా ఒక్కచోట పొరబడ్డాడు. నాకు అంతా తెలుసు. నోట్సు అప్పుడు కూడా నా చేతిసంచిలోనే ఉంది. తెలిసే రాశాను.

మర్నాడు వాణ్ణి మా గదిలోంచే పోలీసులు తీసుకుపోయారు. ఉద్యోగం పోయింది. ఫిర్యాదు ఎవరు రాశారో వాడికి చాలాకాలం తెలియలేదు. మూడేళ్ల తర్వాత, నంద్యాల కోర్టులో రాసినవాణ్ణి సాక్షిగా పిలిచినప్పుడు నేను వెళ్లి బోనులో నిలబడ్డాను. అప్పుడు తెలిసింది.

వాడి వకీలు అడిగాడు. "ఆ ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరిద్దరూ లెక్చరర్ గారింట్లో కలిసి ఉన్నారా, లేదా?"

వాకిట్లో పెదనాయన తువ్వాలు దులుపుకుంటున్నాడు.

"గుర్తు లేదు" అన్నాను.

సారు అప్పటికి చిత్తూరు వైపు బదిలీ అయ్యారు. బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి, నలిగిన చొక్కాతో వచ్చి, వాడి తరఫున సాక్ష్యం చెప్పారు. ఆ ఆదివారమంతా ఇద్దరూ తన ఇంట్లోనే ఉన్నారన్నారు. "మీ రెండో శిష్యుడు గుర్తు లేదంటున్నాడు కదా" అని సర్కారు వకీలు ఎకసక్కెమాడాడు.

"వాడికున్నంత జ్ఞాపకశక్తి నా క్లాసులో ఇంకెవరికీ లేదండీ" అన్నారు సారు.

నేను వెనక బెంచీలో కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాను. ఆయన బయటికి పోతూ నా వైపు తల తిప్పలేదు. కేసు కొట్టేసేసరికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆలోగా వాడికి సర్కారు ఉద్యోగాల వయసు దాటిపోయింది.

నేను ఎమ్.ఏ. చేసి అదే కాలేజీలో, సారు నిలబడ్డ చోటే లెక్చరర్‌గా నిలబడ్డాను. ఏటా న్యాయం పాఠం చెబుతాను. ఎద్దు, ముల్లుగర్ర అన్నీ వస్తాయి. పిల్లలు కళ్లార్పకుండా వింటారు. మీరు చెప్తే మనసుకు ఎక్కుతుంది సార్, అంటారు. శ్రీరంగనీతులు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఇంటికి వచ్చి నోరు పుక్కిలిస్తాను.

ఎనభైల మధ్యలో ఒకసారి మా ఆవిడతో అహోబిలం బయల్దేరి ఆళ్లగడ్డలో జీపెక్కాను. తోలుతున్నది వాడే. దిగాక మా ఆవిడ టెంకాయల అంగడి వైపు పోయింది. నేను ఆగాను.

"బాగుండావా అప్పా?" అన్నాడు.

"ఆ పొద్దు మనిద్దరం సారింట్లోనే ఉండాం" అన్నాను. పదేళ్లు గొంతులో పెట్టుకున్న మాట అంత సులువుగా వచ్చేసింది. కొండ కింద జడ్జీ లేడు, పెదనాయనా లేడు. అక్కడ చెప్పడానికి నాకు పోయేదేముంది?

"నాకు తెల్దా ఆ సంగతి? నాకు చెప్తే ఏమొస్తాది?" టైరును కాలితో ఒకసారి తన్ని చూసుకున్నాడు. "మా తమ్ముడు ఈ యేడు మీ కాలేజీలో చేరినాడు. నీ సబ్జెక్టే తీసుకున్యాడు, వద్దంటే ఇనలే. ఒక్కటి అడుగుతా. ఆ న్యాయం పాఠం మాత్రం వానికి నువ్వు చెప్పాకు. వేరే సారుతో చెప్పించు."

మా కాలేజీలో ఆ సబ్జెక్టుకు నేనొక్కణ్ణే.