మూడు గారెల బోర్డు

నా చిన్నప్పుడు పాత ట్రాముల మీద వెళ్ళే చోట్ల పేర్లు చూపించే గుడ్డలను ఎవరూ గడప లోపలికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు వాటినే ముక్కలుగా కోసి, అద్దాల ఫ్రేముల్లో బిగించి, సోఫా వెనక గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంటున్నారు. మొన్న మా ఊరికి ఆ చివరనున్న ఆల్బనీలో ఒకరింటికి భోజనానికి వెళ్ళాను. ఆ ఇంటాయన సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగి, నన్ను ఆంటీ అంటాడు. అన్నం పెట్టకముందే గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు. నల్లగుడ్డ మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక్క పేరు. "ఒరిజినల్, ఆంటీ! మీరు ఇలాంటివి రిపేర్ చేస్తారటగా. ఇక్కడ కాస్త తెలుపు పోయింది, టచప్ చేసిపెట్టండి" అన్నాడు. ఇది కోసిన మిగతా గుడ్డ చుట్ట ఏదయ్యా అని అడిగాను. "మిగతాదా? అమ్మినవాడు పారేసి ఉంటాడు. మనకి కావలసింది ఇదేగా" అన్నాడు. ఇలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దాచుకోలేను, దాచుకోవాలని కూడా లేదు. పదేళ్ళ వయసులో నేనూ సరిగ్గా ఇలాంటిదాన్నే కాబట్టి ఆ మంట ఇంకాస్త ఎక్కువ.

అప్పుడు మేం ఈ దేశానికి దక్షిణపు కొసన డునెడిన్‌లో ఉండేవాళ్ళం. నాన్న యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. మా ఇల్లు కొండ మీద, ఓపోహో అనే పేటలో. పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. ట్రాములు తిరిగిన రోజుల్లో డిపోలో వాటి మీద పేటల పేర్లు రాసినవాడు. ట్రాము నుదుటి మీద ఒక పెట్టె, అందులో పొడుగాటి గుడ్డ చుట్ట, దాని మీద ఒకదాని కింద ఒకటి పేటల పేర్లు. డ్రైవరు పిడి తిప్పితే వెళ్ళబోయే చోటు పేరు అద్దంలోకి వస్తుంది. ట్రాములు పోయాక ఆ చుట్టలను చెత్తలో పడేస్తుంటే ఈ తాత ఏరి తెచ్చుకున్నాడు. పెరట్లో షెడ్డులో కూర్చుని ఎండిన బ్రెడ్డు ముక్కతో రుద్ది వాటి మురికి తీసేవాడు. చిరిగిన చోట వెనక నుంచి పాత దుప్పటి గుడ్డ వేసి కుట్టేవాడు. వెలిసిన అక్షరం మీద మాత్రం చచ్చినా కొత్త రంగు వేసేవాడు కాదు. నాకేమో ఆ షెడ్డు వాసన అంటేనే అసహ్యం. ఎవరికి కావాలి ఈ కంపు గుడ్డలు, ఈ ముసలాయనకి పనేం లేదు అనుకునేదాన్ని.

ఆ ఏడు అమ్మకి నెలలు నిండకముందే బీపీ పెరిగి ఆస్పత్రిలో ఉంచేశారు. మంచం దిగకూడదన్నారు. సాయం కోసం తెనాలి నుంచి నానమ్మ వచ్చింది. ఆస్పత్రిలో పెట్టే ఉడికించిన బంగాళాదుంపలు అమ్మకి సయించడం లేదని తెలిసి, రోజూ మధ్యాహ్నం వేడి వేడి అన్నం, చారు క్యారేజీలో తనే పట్టుకెళ్తానంది. వెళ్ళడం తేలికే, మా కొండ దిగే బస్సులన్నీ టౌనుకే పోతాయి. తిరిగి రావడమే చిక్కు. ఆస్పత్రి ఎదుట స్టాపులో నాలుగైదు పేటల బస్సులు ఆగుతాయి. నానమ్మకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. చీటీ రాసిస్తాను, డ్రైవరుకి చూపించమని నాన్న అంటే, "చీటీ పట్టుకుని తిరగడానికి నేనేమైనా తప్పిపోయిన పిల్లనా?" అని కోప్పడింది. సరే, శుక్రవారం నాటికి ఒక్కదానివే ఇంటికి రాగలిగితే రోజూ వెళ్ళు, లేకపోతే వద్దు అని నాన్న తేల్చేశారు.

పక్కింటి తాత ఈ సంగతి కనిపెట్టాడు. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. రోజూ సాయంత్రం నానమ్మని షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక చుట్టని పెట్టెలో వేసి పిడి తిప్పేవాడు. బస్సుల మీదా అవే పేర్లు, అలాంటి అక్షరాలే. రోజుకొక పేరు. నానమ్మ ఆ ఆకారాలకి తన పేర్లు తను పెట్టుకుంది. సున్నాలా ఉండే ఇంగ్లీషు 'ఓ' కనిపిస్తే గారె. రోస్లిన్ అంటే ఒక గారె, మోర్నింగ్టన్ అంటే రెండు గారెలు, పొడుగు. నాకు తల కొట్టేసినట్టుండేది. నా స్నేహితురాళ్ళు ఈ గారెల గోల వింటే ఇంకేమైనా ఉందా అని వణికేదాన్ని. మా ఓపోహో పేరు చుట్ట చివరికి దగ్గర్లో ఉంది కాబట్టి దాని వంతు గురువారం.

బడిలో ఒకమ్మాయి తన గది తలుపుకి ఎక్కడిదో వీధి బోర్డు తగిలించుకుంది. నాకూ అలాంటిది కావాలనిపించింది. బుధవారం షెడ్డులో ఎవరూ లేని వేళ నానమ్మ కత్తెర పట్టుకెళ్ళి మా పేట పేరును అటూ ఇటూ కోసేసి, చివరలు సెల్లోటేపుతో అతికించి వచ్చేశాను. అంత పొడుగు చుట్టలో ఒక పేరు పోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఎంత తెలివో!

గురువారం తాత పిడి తిప్పాడు. మా పేరు రాలేదు. టేపు చిటపటమంది. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి, నావైపు ఒకసారి చూసి, చుట్ట చుట్టేశాడు. మా పేట పేరు ఎలా ఉంటుందో నానమ్మ చూడనేలేదు.

మర్నాడే నాన్న గడువు పెట్టిన శుక్రవారం. బడి వదిలేసరికి తాత గేటు దగ్గర రెయిన్‌కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను ఆస్పత్రి దగ్గరికి తీసుకెళ్ళి, స్టాపుకి అవతలి పక్క కొట్టు చూరు కింద నిలబెట్టాడు. స్టాపులో నానమ్మ ఒక్కతే. కొంగు తల మీదుగా కప్పుకుంది, చేతిలో ఖాళీ క్యారేజీ, సన్నగా వాన. బస్సు వస్తే తలెత్తి పెదాలు కదుపుతూ గారెలు లెక్కపెట్టుకుంటోంది. రోస్లిన్ వదిలేసింది, సరైన పనే. మోర్నింగ్టన్ వదిలేసింది. తర్వాత మా బస్సే వచ్చి ఎదురుగా ఆగింది. నానమ్మ ఆ పేరుకేసి చాలాసేపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. బస్సు వెళ్ళిపోయింది. నేను పరిగెత్తబోతే తాత నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు. ఆ పేరు నువ్వు చూసుకోవడానికి రాయలేదు అమ్మాయ్. అదిగో, ఆవిడ కోసం రాశారు" అన్నాడు. ఇంకో అరగంటకి మా బస్సు మళ్ళీ వచ్చింది. నానమ్మ మళ్ళీ వెనక్కి జరిగింది. అప్పటికి నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అప్పుడు చెయ్యి వదిలాడు.

రోడ్డు దాటి వెళ్ళి పట్టుకుంటే నానమ్మ చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి. నన్ను చూసి, "వచ్చావా తల్లీ! మన బస్సు మానేశారేమోనే, ఎంతసేపటికీ రాలేదు" అంది. అక్కడే, ఆ వానలోనే చెప్పేశాను. తిట్టలేదు. "అయితే అందులో గారెలెన్నే?" అని అడిగింది. మూడని చెప్పాను.

నాన్న మాట తప్పలేదు, ఇక ఒంటరిగా వెళ్ళొద్దన్నారు. ఆ శని, ఆది, సోమవారాలు అమ్మ ఆ దుంపలే కెలుకుతూ పడుకుంది. ఆ సంగతి ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ మూడు రోజులూ నానమ్మ నన్ను షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కోసిన పేరుని తిరిగి చుట్టలో పెట్టి, తన పాత నేత చీర చెంగు చింపి వెనక అతుకు వేసి, బొంతకి వేసే కుట్టుతో ఒక వైపు తను కుట్టింది, రెండో వైపు నాచేత కుట్టించింది. మంగళవారం నాన్న వెంట వెళ్ళి, మూడు గారెల బస్సుని దూరం నుంచే చూపించి, మళ్ళీ క్యారేజీ పట్టింది. తమ్ముడు పుట్టేదాకా ఒక్క రోజు మానలేదు.

తాత పోయేముందు ఆ చుట్ట నాకిచ్చాడు. ఇప్పుడు మేం ఉండే పాపకూర అనే పేటలో, మా ఇంట్లో ఒక గది నిండా అలాంటివే. జనం కోసి పారేసిన ముక్కలు ఎక్కడెక్కడివో తెచ్చి, జాడ దొరికితే తిరిగి వాటి చుట్టల్లో కుడుతుంటాను. మా చుట్టలో నేను కుట్టిన వైపు వంకరటింకరగా ఉంటుంది. పిడి తిప్పితే అక్కడ కాస్త పట్టేస్తుంది. దాన్ని విప్పి నీటుగా కుట్టించుకోమని సలహా ఇచ్చే గోడల రసికులు చాలామందే ఉన్నారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపేస్తాను.

ఆల్బనీ ఆయనకి టచప్ చేయనని చెప్పి వచ్చేశాను. ఆయన మొహం చిన్నబోయింది, బోనివ్వండి. ఫ్రేములో ఒంటరిగా బిగించిన పేరు ఎక్కడ కనిపించినా నా కళ్ళకి ఆ పేరు ఆనదు. కొంగు కప్పుకుని, ఖాళీ క్యారేజీతో, తన బస్సును తనే వదిలేసుకుంటూ వానలో ఒక ముసలావిడ కనిపిస్తుంది. ఆవిణ్ణి అక్కడ నిలబెట్టింది నేనే.