నాయన గురక మీద పద్యం

ఎదురింటి పాపకు అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టినారు. ఆ వాసనకు మా నాయన గుర్తొచ్చినాడు.

చిత్తూరు మిషన్ బడిలో మాకు ఐర్లండు ఫాదరు ఒకాయన పాఠం చెప్పేవాడు. "పూర్వం మా దేశంలో కవి ఎగతాళి పద్యం చదివితే, రాజు మొహాన పొక్కులు లేచేవంట" అన్నాడొకరోజు. నేను ఆ సాయంత్రమే నాయన గురక మీద పద్యం కట్టి పెరట్లో పాడినాను. నాలుగోనాటికి నాయన ఒళ్లంతా పొక్కులు!

"అమ్మవారు పోసిందిరా, లోపలికి రావద్దు" అనింది అమ్మ. పోసింది నేనేనని నాకు తెలుసు. నాయన చచ్చిపోతాడని ఏడుస్తా ఫాదరు కాడికి పరిగెత్తినాను.

ఆయన నవ్వి, "పద్యంతో తిట్టినావు కదా, పద్యంతోనే పొగుడు పో" అన్నాడు.

నూరు పద్యాలు రాసి నాయనను బతికించుకున్నానని మనవళ్లకు చెప్తా ఉంటాను. అబద్ధం. మూడురోజులు గుమ్మం బయట కూర్చున్నా ఒక్క ముక్కా రాలేదు. లోపల్నించి నాయనే, "ఏంరా, ఆ గురక పద్యం ఇంకోసారి పాడు. నవ్వుకుంటా ఉంటే దురద తెలీదు" అన్నాడు. ఏడుస్తానే పాడినాను. పది దినాలకు పొక్కులు మాడి నాయన లేచి తిరిగినాడు.

నాయన పోయి చానా ఏండ్లయింది. ఈ పొద్దు ఆయన్ని పొగుడుతా ఒక పద్యమన్నా రాద్దామని మళ్లీ కాగితం తీసినాను. ఇప్పటికీ గురకే తోస్తా ఉండాది.