ఎనిమిదో ఫిల్టరు వాళ్ళొచ్చిన రోజు

మామగారు ఎవరినీ వాక్యం పూర్తి చేయనిచ్చేవారు కారు. ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినా సరే, మాట కోసం తడుముకుంటున్నారనుకుని ఆ మాట తానే అందించేవారు. ముప్పై ఏళ్ళు నాటకాల కంపెనీలో ప్రాంప్టరుగా, తెర చాటున పుస్తకం పట్టుకుని నటులకు మాటలందించిన మనిషి. కంపెనీ మూతబడింది. అందించడం మూతబడలేదు.

ఒకసారి డాక్టరు ఆయన ఛాతీ మీద గొట్టం ఆనించి, "మీకు..." అని ఆగాడు. "బీపీ" అని మామగారు అందించారు. గొట్టం పెట్టినప్పుడు మాట్లాడకూడదని చెప్పబోయి డాక్టరు "మాట్లాడ..." దగ్గర ఉండగానే "కూడదు" కూడా ఈయనే అందించారు.

ఆయన కొడుకైతే చిన్నప్పటినుంచీ ఏ వాక్యాన్నీ సగం దాటించాల్సిన అవసరం పడక, పెద్దయ్యాక కూడా సగం వాక్యాల మనిషిగానే మిగిలిపోయాడు. పెళ్ళికి ముందు ఒకరోజు కోడలితో ధైర్యం చేసి, "నువ్వంటే నాకు..." అన్నాడు. "ఇష్టం" అని పక్కగదిలోంచి వినబడింది. మామగారు పోయాక ఆ ఇంట్లో ప్రతి వాక్యాన్నీ ఎవరికి వాళ్ళే చివరిదాకా చెప్పుకోవాల్సి వస్తోంది. ఆ అలవాటు కుదరడానికి చాలా రోజులే పట్టింది.

కోడలికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, నీళ్ళ ఫిల్టరు కొనాల్సి వచ్చేదాకా.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఆరేళ్ళ కూతురు వాంతులతో, విరేచనాలతో రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. నీళ్ళే కారణమన్నారు. అప్పటినుంచి కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్ళేముందు రెండు గిన్నెల నీళ్ళు కాచడం, చల్లార్చడం, వడగట్టడం కోడలి వంతు. మొన్నామధ్య తొందరలో గిన్నె ఒరిగి మణికట్టు కాలింది. ఇంకో పది రోజుల్లో వానలు మొదలవుతాయి. ఈలోగా ఫిల్టరు బిగించి తీరాలని పట్టుబట్టి, ఒక్కో కంపెనీకీ కబురు పెట్టింది.

కంపెనీ ఏదైనా చెప్పే పాఠం ఒకటే. మూడో కంపెనీ వచ్చి వెళ్ళేసరికి ఆ పాఠం మామగారికి కంఠతా వచ్చేసింది. ఐదో కంపెనీ మనిషి మిషను మూత తీసి, "మొదటి దశలో..." అన్నాడు.

"మట్టి, ఇసుక, తుప్పు," అన్నారు మామగారు.

"రెండో దశలో..."

"వాసన. బొగ్గు పీల్చేస్తుంది."

"అన్నీ తమరే చెబుతుంటే మధ్యలో నేనెందుకండీ," అని అతను మూత బిగించుకుని వెళ్ళిపోయాడు.

ఆరో అతని మిషను ఒక బిందె మంచినీళ్ళిచ్చి మూడు బిందెలు కాలవలోకి వదులుతుందట. అతను దాటవేయబోయిన ఆ సంగతిని కూడా మామగారే అందించారు. అందుకు కోడలు లోలోపల సంతోషించింది కానీ, అతనూ చేజారాడు. ఏడో అతను ఎంత వేగంగా వెళ్ళాడంటే తెచ్చిన గొట్టం ముక్క బల్లమీదే మరిచిపోయాడు.

మిగిలింది ఒక్క కంపెనీ. వాళ్ళు వచ్చే ముందు కోడలు మామగారి దగ్గర కూర్చుంది.

"మామయ్యా, ఇవాళ మీరు వెనకగదిలో ఉండండి. వీళ్ళు కూడా పోతే పిల్లకి మళ్ళీ కాచిన నీళ్ళే. నోరు తెరవనని మాటివ్వండి."

ఆయన మాటిచ్చారు. ఆ గదికి తలుపు లేదు, తెర మాత్రమే ఉంది. ఆయన్ని తెర వెనక కూర్చోబెట్టడమంటే తిరిగి ఉద్యోగంలో పెట్టడమేనని పాపం కోడలికి తట్టలేదు.

వచ్చింది ఇద్దరు. మిషను మోసుకొచ్చిన అమ్మాయి, కాగితాలు పట్టుకొచ్చిన సూపర్‌వైజరు. ఆ అమ్మాయికి ఇది మూడో పరీక్షని, ఇవాళ కూడా తడబడితే రేపటినుంచి రానక్కర్లేదని ఆమె ఎదుటే కోడలికి చెప్పి, సూపర్‌వైజరు కిటికీ పక్కన కూర్చున్నాడు. అమ్మాయి మట్టిని తీసేసింది, వాసనను తీసేసింది. "మూడో దశలో..." అని ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు.

"కంటికి కనబడని క్రిములు."

రోజూ ఇల్లంతా అదిరేట్టు అందించే గొంతు కాదది. దారపుపోగంత సన్నగా, తెరకు ఈవలనున్న ఇద్దరు ఆడవాళ్ళదాకా వచ్చి ఆగిపోయింది. అమ్మాయి ఆ పోగు అందుకుంది. తర్వాత మరో రెండుచోట్ల తడబడింది. ఆ రెండుచోట్లే తెర వెనకనుంచి మాట వచ్చింది. మాట మరిచిపోయి నలుగురిలో నిలబడ్డ మనిషి ముఖాన్ని ముప్పై ఏళ్ళు అందరికన్నా దగ్గరగా చూసినవాడాయన. ఎవరి నోరైనా సగంలో ఆగితే ఆయన ప్రాణం ఎందుకు కొట్టుకుంటుందో కోడలికి అప్పుడు తెలిసింది.

"కరెంటు పోతే?" అని కోడలు అడిగింది.

"దీనికి కరెంటే అక్కర్లేదండీ. పైన నీళ్ళు పోస్తే తమ బరువుకి అవే దిగుతాయి. నీళ్ళు వృథా కావు. వారానికోసారి కడుక్కోవాలి, అది మాత్రం తప్పదు." ఇది ఎవరూ అందించలేదు. అమ్మాయికి ఉత్సాహమొచ్చింది. "ఇక మా కంపెనీ గ్యారంటీ..."

"ఐదేళ్ళు," అంది తెర.

"ఐదేళ్ళండీ."

సూపర్‌వైజరు తలెత్తాడు. "ఎన్నేళ్ళూ?"

"ఐదు..."

"మనది ఒక్క ఏడాదమ్మా. ఐదేళ్ళు నువ్విస్తావా?" అని ఆయన కలం తీశాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెర కదిలింది. మామగారు బయటికొచ్చారు. నాటకాల కంపెనీ ఆఖరి ప్రదర్శన నాడు నటులంతా చేతులు పట్టి లాగినా తెర దాటి ముందుకు రాని మనిషి.

"తప్పు ఆ అమ్మాయిది కాదండీ, నాది. ఐదేళ్ళు నాలుగో కంపెనీ వాళ్ళది. పుట మారిపోయింది."

"తమరెవరు?"

"ప్రాంప్టర్ని."

సూపర్‌వైజరు "అంటే..." అని ఆగాడు. ఆయనకు మామగారు ఏమీ అందించలేదు, తల వంచుకుని నిలబడ్డారు. మాట తప్పానన్న సిగ్గుతో కోడలి వైపు చూడనేలేదు.

"ఏడాది చాలండీ," అంది కోడలు. "నేనడిగినదానికి ఆ అమ్మాయి సొంతంగానే చెప్పింది. ఇదే తీసుకుంటాం, రేపే బిగించండి."

సూపర్‌వైజరు అమ్మాయిని చూశాడు, ముసలాయన్ని చూశాడు, కాగితం ముందుకు జరుపుకున్నాడు. పైకి చదువుకుంటూ రాయడం ఆయన అలవాటు. "అమ్మాయి మాట తీరు..." అని కలం ఆపాడు.

అమ్మాయి మామగారిని చూసింది. కోడలూ ఆయన్నే చూసింది. ఆయన పెదవులు బిగపట్టి, దానికి తోడు అరచెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నారు. కలం గాలిలోనే ఉంది.

"బాగుంది," అంది కోడలు.

సూపర్‌వైజరు అదే రాసి సంతకం పెట్టాడు.

వాళ్ళు మెట్లు దిగాక మామగారు నోటిమీంచి చెయ్యి తీశారు.

"కాస్త తొందరపడ్డావమ్మాయ్. ఇంకొక్క క్షణం ఆగితే ఆయనే అనేవాడు."