సుద్ద అంటని పట్టీ

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే మైదాపిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన బంక వాసన గుప్పుమంది. కడపలో నా ఇంట్లో కూర్చున్నదాన్ని కాస్తా కోయిలకుంట్లలో అమ్మ తొక్కుడు మిషను పక్కన చాప మీదికి వెళ్ళిపోయాను. పెట్టె నిండా అమ్మ కుట్టుపని కటింగు కాగితాలే. పాత దినపత్రికల మీద గీసి కత్తిరించిన జాకెట్లు, లంగాలు, బుట్టచేతుల గౌన్లు. "పురుగులు తినేకంటే ఎవురన్నా కుట్టుకోనీలే, అమ్మెయ్" అని ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మే అంటే, ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. బుట్టచేతులకు మళ్ళీ మోజొచ్చిందట, హైదరాబాదులో బట్టల దుకాణం నడిపే ఒకామె మొత్తం కావాలంది!

శనగ కోతలు ముగిసి, నల్లరేగడి నెర్రెలిచ్చి, వడగాలికి వీధి తలుపులు మూసుకునే ఉగాది ముందు రోజుల్లో, ఊళ్ళో ఆడవాళ్ళంతా గుడ్డలు చంకన పెట్టుకుని మా వసారాలో చేరేవాళ్ళు. వేయించిన శనగలు నములుతూ ఒకామె, బిడ్డకు పాలిస్తూ ఒకామె, మూలన అచ్చనగాండ్లు ఆడుతూ మేము. ఎవరైనా కాస్త ఒళ్ళు చేస్తే అమ్మ పైకి అనేది కాదు, వాళ్ళ కొలతల కాగితానికి పక్కన సన్నటి కాగితం పట్టీ అతికించి ఊరుకునేది.

నాకు మాత్రం బడిలో చేరినప్పటి నుంచీ ఒకటే కాగితం. ఏటా ఉగాదికి నన్ను గోడకు నిలబెట్టి, "కదలాకే కోతీ" అని కసురుతూ కొలిచి, ఎదిగినంత మేర అడుగున కొత్త పట్టీ అతికించి, గుడ్డ మీద పరిచి చుట్టూ రంగు సుద్దతో గీసేది. ఓళిగల నెయ్యి చేతులతో కొత్త గౌను ముట్టుకుంటే వీపు మీద ఒకటి పడేది. ఒక్క యేడు మాత్రం కొలిచింది, అతికించింది, గౌను రాలేదు. పండగనాడు పాత గౌను మోకాళ్ళ పైకి పీక్కుపోతుంటే, అమ్మ నన్ను మరిచిపోయిందని ఓళిగ ముట్టకుండా అలిగాను. నిజం చెప్పొద్దూ, ఆ కోపం ఇన్నాళ్ళూ కడుపులో ఉండిపోయింది.

హైదరాబాదు ఆమె ఆ అతుకుల కాగితమే ముందు పంపమంది. మడత విప్పి చూశాను. ప్రతి పట్టీ అడుగు అంచునా నీలమో ఎరుపో సుద్ద మరక ఉంది. నడుమ ఒకదానికి మాత్రం లేదు.

"అమ్మా, దీనికి సుద్ద అంటలేదేం?"

చూపు మందగించిన అమ్మ వేళ్ళతో తడుముకుంది. "ఆ యేడు వాన యాడ పడిందే? ఎవురూ గుడ్డలు తేలే. నీకూ గుడ్డ తీయలేకపోతి. శానా ఏడ్చినావు."

"మరి పట్టీ ఎందుకు అతికించినావు?"

"నువ్వు ఎదిగింటివి గదే!"

ఆ యేడు వసారా ఖాళీగా ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు.

మిగతా కట్టలన్నీ పార్సిల్‌లో వెళ్ళిపోయాయి. ఆ వసారా లేదు, మిషను లేదు, పిల్లల గౌన్లు ఫోనులో నొక్కితే ఇంటికొస్తున్నాయి, గోడకు నిలబెట్టి కొలిచేవాళ్ళు లేరు. ఆ ఒక్క కాగితం మాత్రం ఇవ్వనని ఆమెకు చెప్పేశాను. బీరువాలో పెట్టబోతుంటే అమ్మ చెయ్యి చాపింది.

"ఇట్ల తే. ఆ పట్టీ అంచు ఊడతాండాది. ఇంట్లో మైదా ఉండాదా?"

పొయ్యి మీద గిన్నె పెట్టాను.