లేని రెండు పిట్టలు

సింగపూర్‌లో నాకు గది దొరికింది నా తిండి వల్ల. అంతకుముందు నెలరోజులు దొరకనిది కూడా ఆ తిండి వల్లే.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెత్తిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని పాత ప్రోగ్రాములు చదవగలిగిన ప్రతివాడికీ విమానం టిక్కెట్టు దొరికింది. నేనూ అలాగే తెనాలి నుంచి బయల్దేరి, పాయా లేబర్ అనే పేటలో ఒక బ్యాంకు పని చూసే ఆఫీసులో తేలాను. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటు వెతికి నాలుగంకెలు చెయ్యడం నా ఉద్యోగం. నాతోపాటు దిగిన వాళ్లు మూణ్ణెల్లకో కంపెనీ మారుతుంటే, నేను మాత్రం గది కోసం తిరుగుతున్నాను. ఏజెంటు చూపించిన ప్రతి ఫ్లాట్‌లోనూ వంట చెయ్యకూడదన్నారు. తాలింపు వాసన గోడలకు పట్టేస్తుందట.

చివరికి టాంపినీస్‌లో ఆరో అంతస్తులో ఒక ముసలావిడ తలుపు తీసింది. సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మోకాళ్ల కిందికి పూలగౌను. గది చూపించకముందే మాంసం తింటావా అని అడిగింది. తిననన్నాను. చేప? అదీ లేదన్నాను. గుడ్డు? అది కూడా లేదన్నాను. ఆవిడ ఏజెంటు వైపు తిరిగి, ఇక ఎవరినీ తీసుకురానక్కర్లేదని చెప్పింది.

ఆవిడ యూదురాలు. తాతగారు బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా సింగపూర్ వచ్చి స్థిరపడ్డారట. ఆవిడ ఇక్కడే పుట్టింది. ఇంగ్లీషు, మలయ్ కలిపి, మాట చివర ఊతపదంగా ‘లా’ తగిలించి మాట్లాడేది. నన్ను ‘బాయ్’ అని పిలిచేది, నేను ఆంటీ అనేవాణ్ని. వాళ్ల ఆచారం ప్రకారం మాంసం వండిన గిన్నెలో పాలు పొయ్యకూడదు, పాల గిన్నె మాంసం దగ్గరికి రాకూడదు. వంటింట్లో రెండు అలమరాలు, రెండు సెట్ల పళ్లేలు. అద్దెకొచ్చినవాడు ఏ మాంసం తెచ్చి ఏ గిన్నెలో వండుతాడో అన్నది ఆవిడ బెంగ. నాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. మా నాయనమ్మ మడిగట్టుకున్నప్పుడు వంటింటి గడప దాటడానికి జంకిన వాణ్ని. ఇక్కడ కనీసం నన్ను ముట్టుకోవద్దనేవాళ్లు లేరు.

శనివారం ఆవిడకు విశ్రాంతి. పొయ్యి వెలిగించదు, బస్సెక్కదు. ఆదివారం మాత్రం తెల్లారకుండానే టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల్ని చూడ్డానికి బయల్దేరేది. రెండో ఆదివారం నన్నూ రమ్మంది. బస్సు నంబరు చూసి చెప్పడానికట. తోడు కావాలని అడగడానికి మొహమాటపడుతోందనుకున్నాను.

మేం వెళ్లిన పుంగ్గోల్ అప్పటికింకా ఊరు కాలేదు. పాత పొలాలు ఖాళీ చేయించారు. ఒక పక్క పునాదులకు భూమిని తవ్వుతుంటే, ఇంకో పక్క ఛాతీ ఎత్తు గడ్డి, వాననీటి గుంటలు. ఆ గడ్డి మధ్యలో ఒక ఎండుచెట్టు ఉండేది. మావైపు చలికాలమంతా దాని కొమ్మల మీద కొన్ని పిట్టలు వరసగా కూచునేవి. ఆకుపచ్చ ఒళ్లు, గోధుమరంగు గొంతు, నీలిరంగు తోక, తోక చివర సూదిలా ఒక ఈక. గాలిలోకి ఎగిరి తూనీగను పట్టుకొచ్చి, కొమ్మకేసి కొట్టి మింగేవి. వాటి చుట్టాల్ని మావైపు పసిరిక పిట్టలంటారని తర్వాత తెలిసింది. ఉత్తరాన చలి మొదలవగానే ఇవి ఇక్కడికొచ్చి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి.

ఆవిడా, ఆవిడ భర్తా ముప్ఫయ్యేళ్లు కలిసి పిట్టల్ని చూశారు. ఆయన బళ్లో లెక్కలు చెప్పేవాడు. చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఈ పిట్టలు ఏటా మొదట ఏ రోజు కనబడ్డాయో, చివరగా ఏ రోజు కనబడ్డాయో ఒక పుస్తకంలో రాసుకున్నారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్క ఏడూ మానలేదు. ఆ తేదీల్ని పిట్టలు చూసేవాళ్ల సంఘానికి ఉత్తరంగా పంపేది. అవి దాదాపు పస్కా పండుగ ముందు వెళ్లిపోతాయట. యూదులు ఐగుప్తులో బానిసత్వం వదిలి బయటపడినందుకు చేసుకునే పండుగ అది. ‘ఇవీ మనవాళ్లే, పస్కాకు మూట కట్టుకుంటాయి’ అని ఆయన నవ్వేవాడట.

కొన్ని వారాలు గడిచాయి. బైనాక్యులర్స్ ఆవిడ మెడలోనే వేలాడుతున్నాయని, కళ్లకు పెట్టుకోవడం లేదని గమనించాను. గొంతు ఏ రంగు, ముక్కు ఎంత పొడుగు అని నన్నడిగి, నేను చెప్పగానే పేరు చెప్పేది. నాకు నేర్పిస్తోందనుకున్నాను. ఇంట్లో టీ కప్పు నిండి పొర్లిపోవడం, కరెంటు బిల్లును కిటికీ దగ్గర ముక్కుకు ఆనించుకుని చదవడం చూశాక సంగతి అర్థమైంది. ఆవిడ చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదు.

పస్కాకు రెండు వారాల ముందు ఇల్లంతా తిరగేసింది. ఆ ఎనిమిది రోజులూ పులిసిన పిండి రవ్వంత కూడా ఇంట్లో ఉండకూడదు. నా అరలోని డబ్బాలన్నీ ఒక్కొక్కటే తీసి మీద రాసింది నాచేత చదివించింది. కందిపప్పు, చింతపండు, ఆవాలు అన్నీ గట్టెక్కాయి. ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయాను. అందులో గోధుమపిండి కలుస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. దాన్ని మూడు కవర్లలో చుట్టి ఆఫీసుకు తీసుకెళ్లి సొరుగులో పెట్టుకున్నాను. ఆ ఎనిమిది రోజులూ నా పక్క సీటు చైనా అమ్మాయి ముక్కు ఎగబీల్చుకుంటూ ఏసీ వాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉంది.

బియ్యం మాత్రం బాగ్దాదు యూదులు పస్కాకు తింటారు. కాకపోతే గోధుమగింజ ఒక్కటీ లేకుండా మూడుసార్లు ఏరాలి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఇద్దరం ఎదురెదురుగా కూచున్నాం. అమ్మ పక్కన చేట పట్టుకుని కూచున్న రోజులు గుర్తొచ్చి నా చెయ్యి దానంతటదే నడిచింది. రెండో విడతలో ఒక గోధుమగింజ ఆవిడ వేలి కిందనుంచే జారిపోయింది. నేను తీసి పక్కన పెట్టాను. ఆవిడ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

“మూడోసారి నువ్వే ఏరు, బాయ్. నేను గిన్నె పట్టుకుంటాను” అంది.

పండుగ ముందరి ఆదివారం పుంగ్గోల్ వెళ్లాం. రాత్రి వాన పడి బాట బురదగా ఉంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఎండుచెట్టు ఎదురుగా నిలబెట్టాను. కొమ్మలన్నీ ఖాళీగా ఉన్నాయి. అంతకుముందు వారం ఆవిడకు జ్వరమొచ్చి రాలేకపోయాం. ఈలోపే అవి వెళ్లిపోయాయి.

“ఉన్నాయా?” అంది.

ఆవిడ మొహం చెట్టువైపే ఉంది, సరిగ్గా చెట్టు మీద కాదు, కొంచెం పక్కకి. టోపీ తాడు గడ్డం కింద ముడేసుకుని, బడి మొదటిరోజు పిల్లలా నిలబడింది.

“రెండున్నాయి, ఆంటీ” అన్నాను.

ఏం చేస్తున్నాయని అడిగింది. ఒకటి తూనీగను కొట్టుకు తింటోందని, రెండోది ఒళ్లు దులుపుకుంటోందని చెప్పాను. చెబుతుంటే అలవోకగా వచ్చేసింది. ఆవిడ తలూపుతూ విని, భర్త పేరు మెల్లగా పలికింది. ఇంటికొచ్చాక పుస్తకంలో నాచేతే రాయించింది. సంఘానికి ఉత్తరం కూడా ఆవిడ చెబుతుంటే నేనే రాశాను. రెండు పిట్టలు, ఫలానా తేదీ, ఫలానా చోటు. కవరు అంటించి నేనే డబ్బాలో వేశాను.

పండుగ ముందురోజు పొద్దుగూకాక కొవ్వొత్తి పట్టుకుని, ఒక పొడుగాటి ఈకతో మూలమూలలా రొట్టెపొడి కోసం ఊడ్చి వెతికాం. కొవ్వొత్తి ఆవిడ పట్టుకుంది, వెతికింది నేను. మర్నాడు పండుగ భోజనానికి ఆవిడ ఆడపడుచు వచ్చింది. బల్ల దగ్గర చిన్నవాడు ప్రశ్నలడగాలి, ఈ రాత్రి మిగతా రాత్రుల్లాంటిది ఎందుకు కాదని. ఇద్దరు ముసలమ్మల మధ్య చిన్నవాణ్ని నేనే. పొంగని రొట్టె గుడ్డలో మూటగట్టి నా భుజాన వేసి, ఎక్కణ్నుంచి వస్తున్నావని అడిగారు. ఐగుప్తు నుంచి అని చెప్పాలి. నేను కంగారులో తెనాలి నుంచి అన్నాను. ఆడపడుచు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఖర్జూరపు పాకంలో అక్రోటుపప్పు కలిపిన పచ్చడిలాంటిది నాకు మళ్లీ మళ్లీ వడ్డించారు. తింటున్నంతసేపూ ఆ రెండు పిట్టలు గొంతులో అడ్డం పడుతూనే ఉన్నాయి.

ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆఫీసులో రోజూ నేను చేసేది ఎవరో ఎప్పుడో తప్పుగా రాసిన తేదీల్ని దిద్దడమే. మధ్యాహ్నం పూట ఏదో ఒక తేదీ సరిచేస్తుంటే చెవులు వేడెక్కేవి. నెలలు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

సెప్టెంబరులో వాళ్ల ప్రాయశ్చిత్త దినం వచ్చింది. ఒక పొద్దుగుంకిన దగ్గర్నుంచి మర్నాడు చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ప్రార్థనలో గడుపుతారు. ఆ ఉపవాసం మొదలయ్యే రోజు మధ్యాహ్నం, తెల్లబట్టలు కట్టుకుని ఆవిడ నా గది తలుపు తట్టింది. ఆడపడుచు టాక్సీలో వస్తోంది, ప్రార్థనకు వెళ్లాలి.

“బాయ్, ఈ ఏడాది నా మాట వల్లో, చేత వల్లో నీకు నొప్పి కలిగుంటే మన్నించు” అంది.

నేను గబుక్కున లేచి నిలబడ్డాను. మావైపు పెద్దవాళ్లు చిన్నవాళ్లను మన్నించమని అడగరు. అడిగితే వినలేం. అది వాళ్ల ఆచారమని, దేవుణ్ని అడిగేముందు మనుషుల్ని అడగాలని ఆవిడ చెబుతూనే ఉంది. నేను మధ్యలోనే అనేశాను.

“ఆంటీ, పస్కా ముందు చెట్టు మీద పిట్టల్లేవు.”

ఆవిడ నా మంచం అంచున కూచుంది.

“ఒక్కటీ లేదా?”

“లేదు.”

“ఆ తూనీగ?”

“అదీ లేదు.”

కింద టాక్సీ హారన్ కొట్టింది. ఆవిడ లేచి, చేతిసంచి తీసుకుని, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది. మన్నించానని అనలేదు. నేనూ ఆవిణ్ని మన్నించానని అనలేదని తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది.

మర్నాడు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. చీకటి పడ్డాక ఆవిడ వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బాదంపాలు వేడి చేసిచ్చాను. తాగి, ఎదురుగా కూచోమంది. నా గది ఖాళీ చెయ్యమంటుందనే అనుకున్నాను.

“ఆయన పోయిన వారంలో కూడా నేను ఆ పుస్తకంలో తప్పు రాయలేదు. ఆ వారం వెళ్లలేదని రాశాను” అంది. “నేను సంతోషపడాలని చెప్పావు, తెలుసు లా. కానీ లేకపోతే లేదని చెప్పు. లేదన్నది కూడా నాకు కావాలి.”

తప్పయిందన్నాను. ఇంకెప్పుడూ చెయ్యనన్నాను. ఆవిడ కప్పు పక్కకు జరిపి, తనూ ఒక అబద్ధం ఆడుతున్నానంది. కళ్లు కనబడటం లేదని తెలిస్తే ఆడపడుచు ఈ ఇల్లు ఖాళీ చేయించి తనింటికి తీసుకుపోతుందని, ఏడాదిగా బాగానే కనబడుతోందని చెబుతోందట. ఒంటరిగా ఉండలేదని అనిపించుకోకూడదనే గదికి మనిషిని కూడా పెట్టుకుందట.

ఆ పూటే పుస్తకం తెచ్చింది. నా రాతను నాచేతే కొట్టేయించి, పక్కన ‘పొరపాటు, కనబడలేదు’ అని రాయించింది. సంఘానికి ఇంకో ఉత్తరం రాశాం. తప్పు నాదని రాస్తానన్నాను. వద్దంది, సంతకం తనది కాబట్టి తప్పు కూడా తనదేనంది. బదులుగా నేను ఒకటి అడిగాను, డాక్టరుకు చూపించుకోమని. నువ్వు వెంట వస్తే సరేనంది.

తర్వాతి ఆదివారం పుంగ్గోల్‌లో చెట్టు మీద ఏమీ లేదు. లేదన్నాను. లేదని రాసుకున్నాం. ఆ పైవారం గడ్డిలో నడుస్తుండగా ఆవిడ హఠాత్తుగా ఆగి నా మోచెయ్యి నొక్కింది. నాకింకా ఏమీ కనబడలేదు. ఆవిడకు ముందే వినబడింది, నీళ్లు పుక్కిలించినట్టుండే ఆ సన్నటి పిలుపు. తలెత్తి చూస్తే ఎత్తున నాలుగు ఎగురుతున్నాయి.

“ఎన్ని?” అంది.

మూడుసార్లు లెక్కపెట్టి నాలుగన్నాను.

కంట్లో పొర వచ్చిందన్నారు డాక్టర్లు. రెండు కళ్లకూ వారాల తేడాతో ఆపరేషన్ చేశారు. ఆడపడుచుకు చెప్పక తప్పలేదు. ఆ ఆడపడుచు కోప్పడింది, ఏడ్చింది, రోజూ పులుసు వండి తెచ్చింది. ఇంటికి తీసుకుపోతానని మాత్రం అనలేదు.

మొదటి కంటి కట్టు విప్పిన రోజు టాక్సీలో ఇంటికి తీసుకొచ్చాను. దారంతా దుకాణాల బోర్డులు పైకి చదువుతూనే ఉంది. లిఫ్టులో నా మొహంలోకి తేరిపార చూసి, ఇంత చిన్నపిల్లాడివా అంది. నా గొంతు విని పెళ్లై పిల్లలున్నవాణ్ని ఊహించుకుందట. తలుపు తీసి లోపలికెళ్లి, వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. పొయ్యి వెనక గోడ, అలమరాల పిడులు, కిటికీ ఊచలు ఒక్కొక్కటే చూసింది. వేలితో గోడ మీద గీత గీసి వేలు చూసుకుంది.

“ఇంత జిడ్డులోనా నిన్ను ఉంచాను?”

అందులో సగం నా తాలింపుదే ఆంటీ అన్నాను. చేతిసంచి కుర్చీలో పడేసి చేతులు పైకి మడుచుకుంది. వంగకూడదని, నీళ్లు కంట్లో పడకూడదని డాక్టరు చెప్పింది గుర్తుచేశాను. అయితే నువ్వే రుద్దు, నేను చూపిస్తానంది. స్టూలు వేసుకుని కూచుని, అదిగో అక్కడ, ఆ మూల, ఇంకొంచెం పైన అంటూ చీకటి పడేదాకా నాచేత ఆ గోడంతా తోమించింది.