జగన్నాధం నడవడం మానేసిన పెళ్లి

నేను శ్రీకాకుళంలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తాను. పాతపట్నం జగన్నాధం తీసిన పెళ్లి ఫొటోలన్నీ నా చేతిమీదుగానే పోతాయి. పాతికేళ్ల పాటు వాడి దగ్గర ఉన్నది ఒక్కటే లెన్సు, ఫిఫ్టీ ఎమ్ఎమ్‌ది. అన్నిటికంటే చవకది. అది దూరంగా ఉన్నదాన్ని దగ్గరకి లాగదు. ముఖం పెద్దగా కావాలంటే మనమే మనిషి దగ్గరికి పోవాలి. అందుకే వాడు వంటశాల దాకా, చెప్పులు విడిచే చోటు దాకా తిరిగేవాడు. మసక వెలుతురులో కూడా ముఖాలు తేటగా పడేవి. ఏ ముసలమ్మా వాడి ఆల్బమ్‌లోంచి తప్పిపోయేది కాదు.

తర్వాత వాడి మోకాళ్లు అరిగిపోయాయి. 'జూమ్ లెన్సు కొనుక్కోరా, ఒక్కచోట నిలబడి లాగెయ్' అని సలహా ఇచ్చిన వెధవని నేనే.

ఆ జూమ్‌తో తీసిన మొదటి పెళ్లి అనితది. తల్లి లక్ష్మణమ్మ కూలికెళ్లి ఒంటిచేత్తో పెంచిన పిల్ల. మొగుడు పోయిన మనిషి కదా, పీటల దగ్గరికి రాకూడదట. తొమ్మిది నెలలు మోసినదానికి లేని హక్కు మేనమామకి ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే అర్థం కాదు. కన్యాదానం అతనే చేశాడు. ఆవిడ పందిరి చివర చీకట్లో, అన్నం గుండిగల పక్కన నిలబడింది. అక్కడినుంచే జగన్నాధాన్ని పిలిచింది.

"బాబూ, నన్నొకటి తియ్యవా? ఆధార్ కార్డులో తప్ప నా ఫొటో ఎక్కడా లేదు."

"అలాగే నిల్సో అక్కా, ఇక్కడ్నుంచే పడిపోతాది."

ఆవిడ పైట సర్దుకుని బిగుసుకు నిలబడింది. జగన్నాధం జూమ్ తిప్పి చూశాడు. అంత దూరం లాగితే ఆ చీకట్లో ముఖం అలికినట్టు వస్తుందని వాడికి తెలుసు. నాలుగడుగులు వేస్తే సరిపోయేది. బటన్ నొక్కకుండానే చెయ్యి ఊపి, "పడిపోనాది" అన్నాడు.

నాలుగు నెలలకి లక్ష్మణమ్మ పోయింది. ఫొటో కోసం అనిత వాడి దగ్గరికి వెళ్తే, ఎందులోనైనా ఆవిడ పడి ఉంటుందేమోనని వాడు నా షాపుకి తీసుకొచ్చాడు. రెండు వేల ఫొటోలూ వెతికాం. పీటల మీదినుంచి లేచాక తీసిన ఒకదాంట్లో మాత్రం, అనిత ముఖం పక్కన, మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యి ఉంది. మణికట్టు మీద పచ్చబొట్టు.

"ఇది అమ్మ సెయ్యే. మిగతా మనిషేది మావా?"

"జూమ్ దగ్గరకి లాగీసినాను. కోసుకుపోనాది."

"మరి నిలబెట్టి తీసినావంట గదా?"

వాడు తల దించుకున్నాడు. "తియ్యలేదమ్మా. నడవలేక అబద్ధం సెప్పినాను."

అనిత ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా ఫొటో జగన్నాధం కాడున్నాది, నాను పోయాక తెచ్చుకోండని రోజూ సెప్పేది మావా," అంది. నావైపు తిరిగింది. "ఆధార్ కార్డులోది అమ్మలాగ లేదు. ఆ సెయ్యే పెద్దది సేసి ఇవ్వండి."

చేసిచ్చాను. పెద్దకార్యం రోజు దానికే దండ వేశారు. వచ్చినవాళ్లంతా ఆ చేతికే దణ్ణం పెట్టారు. జగన్నాధం కుంటుకుంటూ దాని ముందుకి వెళ్లి కూలబడ్డాడు. నేను వీధిలోనే నిలబడిపోయాను.