యూనుస్ భాయ్ మార్చిన అద్దాలు

వనపర్తిలో మా హోటలుకు ఎదురుగా ఉన్న సినిమా హాల్లో త్రీడీ అద్దాలు పంచడం, ఆట వదిలాక వాటిని వసూలు చేసి తుడిచి సర్దడం యూనుస్ భాయ్ పని. మాటలు వింటే మాత్రం ఆ సినిమాలన్నీ ఈయనే తీశాడేమో అనుకుంటారు.

"చేప ముక్కు దాక వస్తదన్నా! చెయ్యి చాపితే దొరుకుతది అనిపిస్తది," అని నా చాయ్ తాగుతూ నాకే బోధిస్తాడు. తెర మసకగా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆయన దగ్గర ఒకటే మందు. ఆ జత తీసుకుని ఇంకో జత చేతిలో పెడతాడు. చాలామందికి అది పనిచేస్తుంది కూడా.

ఆయన భార్య మున్నీబీ ప్రతి త్రీడీ సినిమాకూ వచ్చేది. రెండేళ్ల కిందట ఒకనాడు, "నా మీదికి ఏం వస్తలేదు. ఎడమ దిక్కు పొగ పొగ ఉంది," అంది. అద్దాలు మార్చాడు. తర్వాతి సినిమాకూ అదే మాట. కొత్త డబ్బా విప్పి మరీ ఇంకో జత ఇచ్చాడు. ఇంట్లో ఆమె ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటే, "జర చూసి నడువు," అని విసుక్కున్నాడు. చివరికి ఆమె చెప్పడం మానేసింది. ఇంకేం, అద్దాలు కుదిరాయని మా పెద్దమనిషి సంబరపడ్డాడు.

హైదరాబాద్‌లో బట్టల షాపులో పనిచేసే కూతురు ఫరా ఈమధ్య ఆయన్ను ఫోన్లో రెచ్చగొట్టింది. "గా అద్దాలు ఏంది అబ్బా? ఇక్కడ పెద్ద తెర చూడు. సినిమా నీ మీదికి వచ్చుడు కాదు, నువ్వే దాంట్లకు పోతవ్." యూనుస్ భాయ్‌కి పౌరుషం వచ్చింది. ఆ తెరకు వంకలు పెట్టడానికే భార్యను వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

వంక దొరకలేదు. ఆ తెర మూడంతస్తుల మేడంత ఉందట. ఏదీ ముక్కు దాకా రాలేదు. కానీ రంగులు కడిగినట్టున్నాయి, కొండ అంచు చూపిస్తే కూర్చున్న చోటే అరికాళ్లు జివ్వుమన్నాయి. త్రీడీలో చేప మన దగ్గరికి వస్తుంది, ఇక్కడ మనమే నీళ్లలో ఉంటాం అని అక్కడే కూతురి దగ్గర ఒప్పుకున్నాడు.

అంతలో తెర ఎడమ వైపు నుంచి గుర్రాలు దూకాయి. హాలంతా ఉలిక్కిపడింది. మున్నీబీ కదల్లేదు. గుర్రాలు నడి తెర మీదికి వచ్చాక ఆమె ఒక్కతే అదిరిపడింది.

"ఏమైంది మున్నీ?" అంటూ యూనుస్ భాయ్ అలవాటుగా ఆమె ముఖం మీదికి చెయ్యి చాపాడు. అక్కడ మార్చడానికి అద్దాలు లేవు.

మర్నాడు కంటి దవాఖానకు వెళ్లారు. ఎడమ కంటి నరం చాలావరకు ఎండిపోయిందని, పోయిన చూపు ఇక రాదని, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు. యూనుస్ భాయ్ నోరు తెరిచే లోపే మున్నీబీ అందుకుంది.

"నాకే తెల్వలేదు సార్. ఈయనకు నేనెన్నడు చెప్పలే."

"ఈ జబ్బు అట్లనే చప్పుడు చెయ్యకుండ వస్తది," అని డాక్టరు ఆయన భుజం తట్టాడు. "నీ తప్పేం లేదు పెద్దాయనా."

ఇదంతా నిన్న నా హోటల్లో కూర్చుని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నాలుగు తిడదామనుకుని, ఆ ముఖం చూసి చాయ్ పోసి ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టలేదు.

"రెండేండ్లు ఆమె మాట ఇనలే, అది ఒక పాపం. ఆమె నా కోసం అబద్ధం చెప్తుంటే నోరు మూసుకున్న, అది ఇంకొకటి," అన్నాడు. "అసలు సంగతి అది గాదన్నా. తప్పేం లేదని డాక్టరు అంటుంటే, నా మున్నీ కన్ను పోయిందని తెలిసిన ఆ గడియల... హమ్మయ్య అని నా పానం సల్లగైంది."